54-46 ఎవరి నంబర్? టూట్స్ హిబ్బర్ట్ గురించి బాబాయ్‌తో

నేను: రికార్డ్ అవుతోంది బాబాయ్, మైక్ కి మరీ దగ్గరగా రాకు. హాయ్ అండి అందరికీ. పోయిన ఎపిసోడ్ లో ఫ్యాన్ సౌండ్ తప్ప ఇంకేం వినపళ్ళేదని చాలామంది తిట్టారు, న్యాయమే, అందుకని ఈసారి ఫ్యాన్ ఆపేసి తలుపులు వేసేసుకుని మే నెల వైజాగ్ లో కూర్చున్నాం ఇద్దరం. మా బాబాయ్ తెలుసు కదా మీకు, ఇంతకుముందు ఒకసారి వచ్చాడు, మర్చంట్ నేవీ, ఇంజిన్ రూమ్ లో ముప్పై ఏళ్ళు చేశాడు.

బాబాయ్: ఇరవై ఎనిమిది.

నేను: సరే, ఇరవై ఎనిమిది. ఈరోజు టాపిక్ నాది కాదు, పూర్తిగా ఈయనదే. రెగే, అదే ఆ జమైకా సంగీతం, అంటే నాకు తెలిసింది బాబ్ మార్లే ఒక్కడే, అది కూడా కాలేజీలో టీ షర్టుల మీద చూసి. మొన్న భోజనాల దగ్గర నోరు జారి ఆ మాట అన్నాను, ఈయనకి కోపం వచ్చేసింది.

బాబాయ్: కోపం కాదమ్మా, బాధ. మార్లే గొప్పోడే, ఎవరు కాదన్నారు. కానీ రెగే అన్న మాట ఉంది చూడు, ఆ మాటని మొట్టమొదట పాటలో పెట్టి రికార్డు మీదకి ఎక్కించినాయన వేరే ఉన్నాడు, ఆయన పేరు చెప్తే నీకు తెలీదు. టూట్స్ హిబ్బర్ట్. ముగ్గురు కలిసి పాడేవాళ్ళు, మేటల్స్ అని. ఏభై ఏళ్ళ పైన పాడాడు, 2020 లో పోయాడు.

నేను: నీకెలా తెలుసు ఈయన? వైజాగ్ లో ఎనభైల్లో రెగే క్యాసెట్లు దొరికేవా?

బాబాయ్: ఎక్కడ దొరుకుతాయి. మా షిప్ లో ఆయిలర్ ఒకాయన ఉండేవాడు, అంటే మెషీన్లకి నూనె పెట్టే మనిషి, జమైకా అతను, నాదీ అతనిదీ ఒకటే వాచ్, అంటే డ్యూటీ షిఫ్టు, రాత్రి పన్నెండు నుంచి నాలుగు. ఇంజిన్ రూమ్ లో మామూలు పాట పెడితే వినపడదు, మెషీన్ల హోరుకి గొంతూ వినపడదు వయొలినూ వినపడదు, కానీ అతను పెట్టే క్యాసెట్ మాత్రం వినపడేది, ఎందుకంటే ఆ బేస్ చెవికి కాదు వచ్చేది, బూటు కింద ప్లేట్ లోంచి వచ్చేది. దాని మీద ఒక గొంతు, బొంగురుగా, అరుస్తున్నట్టు, ఏడుస్తున్నట్టు కూడా, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, వాళ్ళ ఇంగ్లీషు వేరు కదా. ఒక్కటే అర్థమైంది. ఫిఫ్టీ ఫోర్ ఫార్టీ సిక్స్. అదేదో ఫోన్ నంబరో, లాటరీ నంబరో అనుకున్నా.

నేను: కాదా?

బాబాయ్: ఖైదీ నంబర్.

నేను: అబ్బో. సరే అక్కడికి వద్దాం, ముందు మొదట్నుంచి చెప్పు.

బాబాయ్: అసలు పేరు ఫ్రెడరిక్ నథానియెల్ హిబ్బర్ట్. 1942 డిసెంబర్ 8 న పుట్టాడు, జమైకాలో క్లారెండన్ అని ఒక పారిష్, అంటే మన జిల్లా లాంటిది అనుకో, అందులో మే పెన్ అనే ఊరు. అమ్మా నాన్నా ఇద్దరూ సెవెంత్ డే అడ్వెంటిస్టులు, చర్చి మనుషులు, ప్రసంగాలు చేసేవాళ్ళు. పిల్లాడు మాటల కన్నా ముందు పాట నేర్చుకున్నాడు అనుకోవచ్చు, చర్చి క్వయర్ లో. నువ్వు మన ఊళ్ళో ఉజ్జీవ సభలు చూశావు కదా, పందిరి వేసి, రాత్రి పదకొండు దాటాక ఆ పాడే ఆవిడ కాగితం పక్కన పెట్టేసి ఒకే లైను పదిసార్లు పాడుతుంది, చప్పట్లు పెరుగుతూ పోతాయి, అప్పుడు గొంతు ఒకలాగా చిరుగుతుంది. సరిగ్గా ఆ చిరిగే గొంతే టూట్స్ ది. ఆయన తర్వాత ఏం పాడినా, పెళ్ళి గురించి పాడినా జైలు గురించి పాడినా, పాట చివరికొచ్చేసరికి ఆ పందిట్లోకే వెళ్ళిపోతాడు.

నేను: అది బాగా చెప్పావు. మా హాస్టల్ వెనకాల ఉండేది అలాంటి పందిరి, పరీక్షల టైమ్ లో మాత్రం చాలా కష్టం.

బాబాయ్: (నవ్వు) చిన్నప్పుడే అమ్మానాన్నా పోయారు. అన్న కింగ్‌స్టన్ లో ఉంటే అక్కడికి వచ్చేశాడు, ట్రెంచ్‌టౌన్. మార్లే పెరిగింది కూడా ఆ పేటలోనే. మంగలి షాపులో పని. అక్కడ కత్తెర ఆడిస్తా పాడుకుంటుంటే ఇద్దరు కుర్రాళ్ళు విన్నారు, రాలీ గోర్డన్, జెర్రీ మథాయస్ అని. ముగ్గురూ కలిశారు. అప్పుడు 1962, జమైకాకి ఇండిపెండెన్స్ వచ్చిన సంవత్సరం, ఆగస్ట్ 6. దేశమూ కొత్తదే, బ్యాండూ కొత్తదే.

నేను: అప్పటికి రెగే లేదు కదా?

బాబాయ్: లేదు. అప్పుడు స్కా, రెగే కి ముందు అక్కడ వాయించిన సంగీతం. స్టూడియో వన్ అని, కాక్సన్ డాడ్ అనే ఆయనది, అక్కడ రికార్డు చేశారు, వెనకాల వాయించింది స్కటలైట్స్, అంటే అప్పట్లో ఆ దీవిలో వాళ్ళని మించిన వాయిద్యగాళ్ళు లేరు. ఆ మొదటి పాటలు వింటే నవ్వొస్తుంది, అన్నీ బైబిలే, మోషే అనీ హల్లెలూయా అనీ, కానీ కింద బీట్ చూస్తే డాన్స్ హాలు. తర్వాత ప్రిన్స్ బస్టర్ దగ్గరికి, ఆ తర్వాత బైరన్ లీ దగ్గరికి, వీళ్ళూ రికార్డులు చేయించేవాళ్ళే. అక్కడ డబ్బులు సరిగ్గా ఇచ్చేవాళ్ళు కాదు, పాటకింత అని చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు, అది ఆ రోజుల్లో అందరి కథే, ఒక్క టూట్స్ ది కాదు.

నేను: మన దగ్గర కూడా అంతే కదా పాత రోజుల్లో.

బాబాయ్: పాత రోజుల్లో అంటావేటి. సర్లే. 1966 లో జమైకా ఇండిపెండెన్స్ పండగకి ఒక పాటల పోటీ పెట్టారు, అదే మొదటిసారి, కొత్త దేశానికి కొత్త పాట కావాలని. ఈ ముగ్గురూ బామ్ బామ్ అని ఒకటి పాడి గెలిచారు. ఆ పోటీ గుర్తుపెట్టుకో, మళ్ళీ చివర్లో వస్తుంది.

నేను: ఆగాగు, బామ్ బామ్ అంటే నాకు తెలిసిందే కదా? బామ్ బామ్ బిలా...

బాబాయ్: అది సిస్టర్ నాన్సీ, 1982. ఆవిడ టూట్స్ వాళ్ళ పల్లవిని తీసుకుని వేరే రిథమ్ మీద పాడింది. దాన్ని తీసుకుని అమెరికా ర్యాపర్ కాన్యే వెస్ట్ 2016 లో వాడాడు. అంటే నువ్వు జిమ్ లో వింటున్న ముక్క ఎక్కడో కింగ్‌స్టన్ లో స్వాతంత్ర్య దినోత్సవం పోటీకి రాసింది. నేను మంచివాడికి తోడుగా పోరాడేవాణ్ణి, చెడ్డకి కాదు, నన్ను కదిపితే మాత్రం ఊరుకోను, అనే అర్థం వచ్చే పాట. మంచి హీరో ఎంట్రీ పాట అనుకో.

నేను: మరి ఇలా పోటీ గెలిచినాయన జైలుకి ఎలా వెళ్ళాడు?

బాబాయ్: గెలిచిన ఏడాదే. గంజాయి కేసు. పద్దెనిమిది నెలల శిక్ష అని రాస్తారు. ఆయన మాత్రం జీవితాంతం నా తప్పేం లేదనే చెప్పాడు, ఆ పాటలో కూడా అదే అంటాడు. ఒక పక్కమాట చెప్పనా? గంజా అన్న మాట జమైకాకి వెళ్ళింది మన దేశం నుంచే. 1845 నుంచి ఇండియా కూలీలని ఓడల్లో తీసుకెళ్ళారు అక్కడి చెరుకు తోటలకి, ఎక్కువ మంది ఉత్తరాది వాళ్ళు, బీహారు, యూపీ వైపు నుంచి, వాళ్ళతో ఆ మొక్కా వెళ్ళింది పేరూ వెళ్ళింది. మా ఆయిలర్ నోట్లోంచి ఆ మాట మొదటిసారి విని నేను బిత్తరపోయా, నీకెక్కడిదిరా మా మాట అని. అతను, మీదేంటి ఇది మాది అన్నాడు. ఇద్దరం వాచ్ అంతా దాని మీదే కొట్టుకున్నాం.

నేను: మన మన్యం వార్తలు చదివితే ఎవరిదో తెలిసిపోతుంది.

బాబాయ్: ఊరుకో. సరే, జైలు నుంచి బయటికొచ్చాడు, లెస్లీ కాంగ్ దగ్గరికి వెళ్ళాడు. ఈయన చైనా కుటుంబం అతను, జమైకాలోనే పుట్టాడు, అన్నదమ్ములతో కలిసి ఆరెంజ్ స్ట్రీట్ లో ఐస్‌క్రీమ్ షాపు, బెవర్లీస్ అని, అందులోనే రికార్డులూ అమ్మేవాడు, పాటలు రికార్డు చేయించేవాడు కూడా. జిమ్మీ క్లిఫ్ అనే పాటగాణ్ణి పైకి తెచ్చింది ఈయనే, మార్లే మొదటి రికార్డు కూడా ఈయనదే, 1962 లో. ఐస్‌క్రీమ్ అమ్మేవాడికి పాట ఏం తెలుసు అనుకోవద్దు, చెవి చాలా మంచిది. 1968 లో టూట్స్ ఆయన దగ్గర రెండు పాటలు చేశాడు, రెండూ చరిత్రే. ఒకటి ఆ 54-46 పాట.

నేను: అసలు ఏముంది అందులో?

బాబాయ్: జైల్లో నా నంబర్ 54-46, ఇప్పుడు ఆ నంబర్ ఇంకొకడి దగ్గరుంది. అంతే. పోలీసు చేతులెత్తమన్నాడు, సోదా చేశాడు, నేను నిర్దోషిని, ఇంతే కథ. కానీ ఆ ఒక్క లైను చూడు, ఇప్పుడు ఆ నంబర్ ఇంకొకడిది. నేను బయటపడ్డాను హమ్మయ్య అని పాడొచ్చు కదా, అలా పాడలా. నా ఖాళీలోకి ఇంకో కుర్రాణ్ణి తోశారు అని పాడాడు. ఇంత విషయాన్ని పెట్టుకుని పాట ఎలా ఉంటుందనుకుంటున్నావు? గెంతాలనిపిస్తుంది. మధ్యలో అన్నీ ఆపేసి, ఒక్కసారి ఇవ్వు అంటాడు, బ్యాండు ఒక దెబ్బ కొడుతుంది, రెండుసార్లు అంటాడు, రెండు కొడుతుంది, ఇలా పెంచుకుంటా పోతాడు. స్టేజి మీద దాన్ని ఎంతసేపైనా లాగేవాడు, జనం కేకలు. ఖైదీ నంబరు మీద డాన్స్ చేయించాడు జనం చేత, ఏభై ఏళ్ళు.

నేను: ఇప్పుడే ప్లే చెయ్యాలనిపిస్తోంది కానీ కాపీరైట్ తో ఎపిసోడ్ ఎగిరిపోద్ది. రెండో పాట?

బాబాయ్: డూ ద రెగే. మాట మొట్టమొదట రికార్డు మీద కనపడింది దాన్లోనే. స్పెల్లింగ్ కూడా ఇప్పటిది కాదు, వేరేగా రాశారు, ఎందుకంటే ఎలా రాయాలో ఎవరికీ తెలీదు కదా అప్పటికి. ఎక్కడిదయ్యా ఈ మాట అంటే, స్ట్రెగే అని ఒక వాడుక మాట ఉండేదంట కింగ్‌స్టన్ లో, శుభ్రంగా తయారవ్వకుండా చిందరవందరగా తిరిగే మనిషిని అనడానికి, అది ఆటగా అంటా అంటా రెగే అయ్యిందని ఆయనే చెప్పాడు. నేనేదో కనిపెట్టాను అని ఎప్పుడూ గొప్పలు పోలేదు. సంగీతం అప్పటికే వాయిస్తున్నారు, చాలామంది వాయిస్తున్నారు, ఈయన పేరు పిలిచాడు అంతే.

నేను: అసలు తేడా ఏంటి బాబాయ్, స్కా అంటావు, రెగే అంటావు, నాకు అన్నీ ఒకటే లాగా వినపడతాయి.

బాబాయ్: టేబుల్ మీద కొడతా చూడు. (టక్, టక్) ఒకటి, రెండు, మూడు, నాలుగు. మన చెవికి బరువంతా ఒకటి మీద పడాలి, భజన అయినా డప్పు అయినా. వీళ్ళేం చేస్తారంటే గిటార్ ని ఒకటి మీద ముట్టుకోరు, రెండు మీద చిక్, నాలుగు మీద చిక్. స్కాలో అది పరుగు, ట్రంపెట్లు శాక్సోఫోన్లు గోల గోలగా. 1966 ఆ ప్రాంతంలో వేగం బాగా తగ్గించారు, బేస్ ముందుకొచ్చింది, అది రాక్‌స్టెడీ. 1968 కి మళ్ళీ కొంచెం ఊపు ఎక్కింది, ఆర్గన్ కూడా గిటార్ సందుల్లో దూరి కుదుపుతుంది, అది రెగే. ఆ తర్వాత డెబ్భైల్లో వన్ డ్రాప్ అని డ్రమ్ములు మూడో దెబ్బ మీద మాత్రమే వేసి ఒకటి దగ్గర ఖాళీ వదిలేస్తారు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తాం, ఉండదు చూడు, కడుపులో ఒక్కసారి జారుతుంది, అదన్నమాట.

నేను: ఓ. ఓకే. అది పట్టుకున్నా.

బాబాయ్: 1969 లో మళ్ళీ అదే పండగ పోటీ, మళ్ళీ గెలిచారు, స్వీట్ అండ్ డాండీ. నాకు ఆయన పాటల్లో బాగా ఇష్టమైంది అదే. పల్లెటూరి పెళ్ళి. పెళ్ళికూతురు గదిలో ఏడుస్తుంటే అమ్మ కళ్ళు తుడుచుకోమంటుంది, నాన్న బడికెళ్ళి చదువుకున్నదానివి ఇదేం పిచ్చితనం అంటాడు. పక్క గదిలో పెళ్ళికొడుక్కి కూడా కంగారే, వాళ్ళ మావయ్య తల ఎత్తమంటాడు, అత్త తిడుతుంది. మధ్యలో ఖర్చుల లెక్క, కేకుకి ఒక పౌండు పది షిల్లింగులంట, కోలా వైన్ సీసాలు ఇన్నంట, తెల్లబట్టలు వేసుకుని ఊరంతా కేకు తినడానికి తయారు. పాట మూడు నిమిషాలు ఉంటే ఎక్కువ. అందులో మీ పిన్ని పెళ్ళి, నా పెళ్ళి, అన్నీ ఉన్నాయి.

నేను: నువ్వు కూడా గదిలో కంగారు పడ్డావా?

బాబాయ్: నాకు సెలవు ఇరవై రోజులే ఇచ్చారు, కంగారు పడే టైమ్ ఏది. ఆ, ఆ పాట సినిమాలో కూడా ఉంది. 1972 లో ద హార్డర్ దే కమ్ అని పెర్రీ హెంజెల్ తీశాడు, జిమ్మీ క్లిఫ్ హీరో, పాటగాడు అవుదామని పల్లె నుంచి కింగ్‌స్టన్ కి వచ్చిన కుర్రాడు. అందులో ఈ ముగ్గురూ స్టూడియోలో నిజంగా స్వీట్ అండ్ డాండీ పాడుతుంటే హీరో అలా చూస్తా ఉంటాడు. ఆ ముఖం చూడు దొరికితే, యాక్టింగ్ అనిపించదు. ప్రెషర్ డ్రాప్ కూడా ఆ సినిమా పాటల్లోదే, ప్రపంచానికి రెగే మొదట చేరింది ఆ సినిమా రికార్డుతోనే అనొచ్చు.

నేను: ప్రెషర్ డ్రాప్ అంటే బీపీ తగ్గడమా?

బాబాయ్: (నవ్వు) మీ నాన్న కూడా అదే అడిగాడు. గాలి ఒత్తిడి. తుఫాను ముందు బారోమీటర్ పడిపోద్ది కదా, షిప్ లో మాకు అది పడుతుందంటేనే వెన్నులో వణుకు. అమాయకుల్ని ఇబ్బంది పెట్టినోడి మీద ఆ ఒత్తిడి పడుద్ది, నీకు తెలిసొస్తుంది అని పాట. ఇది పగ పాటే కానీ కర్మ రూపంలో పగ అని ఆయనే ఒకచోట చెప్పాడు, కర్మ అనే మాటే వాడాడు. ఆ పాటని లండన్ లో పంక్ కుర్రాళ్ళు క్లాష్ వాళ్ళు పాడారు 1979 లో, అదే ఏడు స్పెషల్స్ అని ఇంకో బ్యాండు మంకీ మేన్ పాడింది, తర్వాత చాన్నాళ్ళకి ఏమీ వైన్‌హౌస్ కూడా అదే పాడింది. ఇంతమంది పాడుకున్నారు, ఒరిజినల్ ఆయన పేరు మాత్రం చిన్న అక్షరాల్లోనే.

నేను: అదే నా డౌట్. ఎందుకలా? ఒకే పేట, ఒకే టైమ్, మాట కూడా ఈయనదే. మరి టీ షర్ట్ మార్లేకి ఎందుకు వెళ్ళింది?

బాబాయ్: చాలా ఉన్నాయి. మొదటిది, లెస్లీ కాంగ్ 1971 లో గుండెపోటుతో పోయాడు, ముప్పై ఏడేళ్ళు. టూట్స్ మంచి పాటలు వరసగా చేస్తున్న చోటే పోయింది. తర్వాత ఐలాండ్ రికార్డ్స్ క్రిస్ బ్లాక్‌వెల్ చేతిలోకి వచ్చారు, మార్లేని ప్రపంచానికి చూపించింది కూడా ఆయనే. అప్పుడే బ్యాండు పేరు టూట్స్ అండ్ ద మేటల్స్ అయ్యింది. 1973 లో ఫంకీ కింగ్‌స్టన్ ఆల్బమ్, చాలా మంచిది, ఒక్కటే వింటాను అంటే అదే విను. కానీ మార్లేని అమ్మడం తేలిక అని నా అభిప్రాయం. విప్లవం, జుట్టు, ఆ చూపు, రాక్ వినే తెల్లోళ్ళకి అది అర్థమవుద్ది. టూట్స్ ఏటి పాడతాడు? పెళ్ళి కేకు, ఊరు, చర్చి, జైలు నంబరు. 1975 లో అమెరికాలో ద హూ అనే పెద్ద రాక్ బ్యాండుకి ముందు పాడించారు ఈయన చేత, స్టేడియాల్లో. గిటార్లు విరగ్గొట్టడం చూద్దామని వచ్చిన జనానికి ఎవరీయన అనిపించదా.

నేను: ఐపీఎల్ ఫైనల్ కి వెళ్ళి ముందు హరికథ వినమన్నట్టు.

బాబాయ్: హరికథని ఏం అనకు, మంచి హరిదాసు దొరికితే మ్యాచ్ మర్చిపోతావు. ఇంకో కారణం చెప్తా, కొంచెం కటువుగా ఉంటుంది. మార్లే 1981 లో పోయాడు, ముప్పై ఆరేళ్ళకి. పోయినవాడి వయసు ఆగిపోద్ది, ఫోటో అయిపోతాడు, గోడకి పనికొస్తాడు. టూట్స్ బతికాడు. ముసలాడయ్యాడు, బస్సెక్కి ఊరూరా తిరిగి అవే పాటలు పాడాడు. బతికి పని చేసుకునేవాడి ఫోటో ఎవడు పెట్టుకుంటాడు చెప్పు.

నేను: ఇది బాధగా ఉంది కానీ నిజం.

బాబాయ్: ఆయన బాధ పడినట్టు నాకైతే అనిపించలేదు. స్టేజి మీద చూడాలి. నేను నేరుగా చూళ్ళేదు, నేను కింగ్‌స్టన్ లో దిగింది రెండేసార్లు, రెండుసార్లూ ఆయన ఇంకెక్కడో ఉన్నాడు, వీడియోల్లోనే చూశా. 1980 సెప్టెంబర్ 29 న లండన్ హామర్‌స్మిత్ పలాయ్ లో పాడితే, ఆ రాత్రి పాడింది రికార్డు చేసి, అచ్చు వేసి, ఇరవైనాలుగ్గంటల్లో షాపులో అమ్మారు. కవర్లు ముందే కొట్టించి పెట్టుకున్నారనుకో, అయినా ప్లాస్టిక్ రికార్డు కదా, ఫోన్ లో అప్‌లోడ్ కాదు కదా. తర్వాత 1988 లో మెంఫిస్ వెళ్ళి ఓటిస్ రెడింగ్ లాంటి వాళ్ళ సోల్ పాటలు ఒక ఆల్బమ్ నిండా పాడాడు, చిన్నప్పుడు రేడియోలో విన్న గొంతుల ఊరికే వెళ్ళి అక్కడే పాడాడు. మెంఫిస్ వాళ్ళకి ఏ తేడా తెలిసుండదు, రెండూ చర్చిలోంచి వచ్చినవే.

నేను: ఆ కంట్రీ రోడ్స్ సంగతి చెప్పు, అది నాకు పంపించావు కదా.

బాబాయ్: ఆ. జాన్ డెన్వర్ ది, వెస్ట్ వర్జీనియా గురించి. ఈయన 1974 లో పాడి, వెస్ట్ వర్జీనియా తీసేసి వెస్ట్ జమైకా అని పెట్టుకున్నాడు. అంతే, పాట జమైకాది అయిపోయింది. నేను సముద్రం మధ్యలో అది విన్నప్పుడు వెస్ట్ గోదావరి అని పాడుకునేవాణ్ణి, మీ తాతగారి ఊరు కదా. లయ కూడా సరిపోద్ది, కావాలంటే పాడి చూడు.

నేను: (పాడుతూ) వెస్ట్ గోదావరీ... అయ్యో నిజంగా సరిపోతోంది.

బాబాయ్: 2004 లో ట్రూ లవ్ అని ఆల్బమ్, పాత పాటలే పెద్ద పెద్దవాళ్ళతో కలిసి పాడాడు, విల్లీ నెల్సన్, ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్, బానీ రైట్, అందరూ వచ్చారు. దానికి గ్రామీ వచ్చింది. అప్పటికి అరవై దాటాయి. 2012 లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ జమైకా ఇచ్చింది. ఇవన్నీ వికీపీడియాలో ఉంటాయి, వదిలెయ్. నేను చెప్పాలనుకున్నది 2013.

నేను: ఆ సీసా.

బాబాయ్: ఆ సీసా. మే నెల, అమెరికాలో రిచ్‌మండ్ అనే ఊళ్ళో నది ఒడ్డున కచేరీ.

నేను: అది వెస్ట్ వర్జీనియానేనా? అంటే ఆ పాట...

బాబాయ్: కాదు, వర్జీనియా, పక్క రాష్ట్రం. నాకూ మొదట అదే తట్టింది. పాడుతున్నాడు, జనంలోంచి ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు వోడ్కా సీసా విసిరాడు. చిన్న సీసా కాదు, పెద్దది, లీటరున్నర పైన పట్టేది. తిన్నగా వచ్చి తలకి తగిలింది. డెబ్భై ఏళ్ళ మనిషి. కుట్లు పడ్డాయి, మెదడు అదిరింది. ఆ తర్వాత తలనొప్పులు, మతిమరుపు, అన్నిటికన్నా పెద్దది భయం, జనాన్ని చూస్తే భయం. ఏభై ఏళ్ళు జనంలోనే బతికిన మనిషికి జనమంటే భయం పట్టుకుంది. టూర్లన్నీ ఆపేశాడు. మళ్ళీ స్టేజెక్కింది 2016 లో.

నేను: ఎందుకు విసిరాడు? ఏదన్నా గొడవా?

బాబాయ్: గొడవా లేదు ఏమీ లేదు. తాగిన కుర్రాడు, అంతే. కేసు నడిచింది. ఇప్పుడు విను. శిక్ష వేసే ముందు టూట్స్ ఆ జడ్జికి ఉత్తరం రాశాడు. నా పరిస్థితి ఇలా ఉంది, తల నొప్పి, భయం, పాడలేకపోతున్నాను, అన్నీ రాశాడు, దాచుకోలేదు. రాసి, కానీ ఆ అబ్బాయిని జైలుకి పంపకండి అన్నాడు. కుర్రాడు, జైల్లో కుర్రాళ్ళకి ఏమవుతుందో నేను విన్నాను, వాడు అక్కడ ఉన్నాడని తెలిస్తే నా బాధ ఇంకా పెరుగుతుంది, అని.

నేను: ...

బాబాయ్: ఏటి, మాట్లాడవు?

నేను: 54-46.

బాబాయ్: ఆ.

నేను: ఇప్పుడు ఆ నంబర్ ఇంకొకడి దగ్గరుంది అన్నాడు కదా 1968 లో. ఆ ఇంకొకడు దొరికాడు అనుకున్నాడేమో.

బాబాయ్: ఆ పేపర్ కటింగ్ ఇంటర్నెట్ లో చూసిన రోజు నేను మా ఆయిలర్ ని తలుచుకున్నా. అతను ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో.

నేను: మరి జడ్జి వదిలేశాడా?

బాబాయ్: లేదు. ఆరు నెలలు వేశాడు. ఉత్తరం వల్ల తగ్గిందేమో, ఆరు నెలలు పడింది మాత్రం నిజం. సినిమాలోలాగా అందరూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకి వెళ్ళలేదు.

నేను: నేనైతే రాయను బాబాయ్ అలాంటి ఉత్తరం, నిజంగా చెప్తున్నా. నా ఫోన్ కొట్టేసినోణ్ణే నేను ఇంతవరకు క్షమించలేదు.

బాబాయ్: నేనూ రాయను. ప్రెషర్ డ్రాప్ పెట్టుకుని వింటా కూర్చుంటా, పడుద్దిరా నీ మీద అని. చూడు, ఆ రెండు పాటలూ ఒకాయనవే. కర్మ తగులుద్ది అని పాడినాయనే, తీరా తగిలే టైమ్ కి వద్దని అడ్డం పడ్డాడు.

నేను: సరే, 2016 లో వచ్చాడు, తర్వాత?

బాబాయ్: వచ్చి ఏం తగ్గలేదు. మళ్ళీ పాత ఊపే. ఆఖరి ఆల్బమ్ గాట్ టు బీ టఫ్, బీటిల్స్ రింగో స్టార్ కొడుకు జాక్ స్టార్కీ కలిసి చేశాడు, బాబ్ మార్లే కొడుకు జిగ్గీ మార్లే ఒక పాటకి వచ్చాడు, వాళ్ళ నాన్న పాటే, త్రీ లిటిల్ బర్డ్స్, దాంట్లో రింగో కూడా తాళం వేశాడు. ఆ ఆల్బమ్ కన్నా నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. గుర్తుందా, పోటీ గుర్తుపెట్టుకోమన్నా.

నేను: 1966, బామ్ బామ్. తర్వాత 69.

బాబాయ్: 1972 లో కూడా గెలిచాడు, పాంప్స్ అండ్ ప్రైడ్. మూడుసార్లు. అలాంటాయన, 2020 లో, డెబ్భై ఏడేళ్ళ వయసులో, అదే పోటీకి మళ్ళీ పేరిచ్చాడు. గౌరవ అతిథిగా కాదు, జడ్జిగా కాదు, పోటీకే. రైజ్ అప్ జమైకన్స్ అని పాట.

నేను: ఏంటీ! అంటే మన దగ్గర ఎవరో ఒక పెద్దాయన ఇప్పుడు టీవీ సింగింగ్ షోలో నంబర్ తగిలించుకుని లైన్ లో నిలబడ్డట్టు.

బాబాయ్: అచ్చంగా. ఓడిపోయాడు కూడా. బుజు బాంటన్ అని ఇంకో జమైకా పాటగాడు గెలిచాడు.

నేను: అయ్యో.

బాబాయ్: అయ్యో ఏటి, బుజు పాట బాగుంది, నేను విన్నా. పోటీ అన్నాక ఓడతారు. ఆ ఏడే ఆల్బమ్ వచ్చింది, ఆగస్ట్ 28 న. అప్పటికే కోవిడ్. కింగ్‌స్టన్ లో యూనివర్సిటీ హాస్పిటల్ లో చేర్చారు, కోమాలో పెట్టారు, సెప్టెంబర్ 11 న పోయాడు. ఆల్బమ్ బయటికొచ్చి రెండు వారాలు. తర్వాత మార్చిలో దానికి గ్రామీ వచ్చింది. ఆ రోజుల్లో మన ఇంట్లో ఎలా ఉందో నీకు తెలుసు, నేను పేపర్ కూడా చదవట్లేదు, పోయిన సంగతి నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది, అదీ యూట్యూబ్ లో పాట కింద ఎవరో జోహార్ అన్నట్టు రాస్తే.

నేను: ఆ క్యాసెట్ ఉందా ఇంకా? ఆ ఆయిలర్ ది?

బాబాయ్: ఉంది, ట్రంకు పెట్టెలో. దిగిపోయే రోజు నా చేతిలో పెట్టాడు. టేపు ఒకచోట చుట్టుకుపోయి తెగితే నెయిల్ పాలిష్ తో అతికించాను, మీ పిన్నిది. సరిగ్గా ఆ ఒక్కసారి ఇవ్వు, రెండుసార్లు ఇవ్వు అనే చోట. అందుకని నా క్యాసెట్ లో రెండుసార్లు నుంచి తిన్నగా నాలుగుసార్లకి దూకుద్ది. ఇప్పుడు ఒరిజినల్ వింటే నాకు మూడు తప్పు అనిపిస్తుంది.

నేను: (నవ్వు) సరే, వినేవాళ్ళకి, ముందు 54-46 వినండి, తర్వాత స్వీట్ అండ్ డాండీ, ఆ తర్వాత ఫంకీ కింగ్‌స్టన్ మొత్తం. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్ లో బేస్ రాదు. బాబాయ్, ఇంకేమన్నా చెప్తావా?

బాబాయ్: ఫ్యాన్ వెయ్యమ్మా.